ఇంటి స్టూడియోకి చెక్క డిఫ్యూజర్: లెక్క, కోత, బిగింపు

పది బై పన్నెండు అడుగుల బెడ్‌రూమును స్టూడియోగా మార్చాక ఎక్కువ తంటా పెట్టేది వెనక గోడ. స్పీకర్ల నుంచి వచ్చిన ధ్వని చెవిని దాటిపోయి, వెనక గోడకు తగిలి, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత మళ్ళీ చెవికే చేరుతుంది. నేరుగా వచ్చినదీ తిరిగొచ్చినదీ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలను పెంచుతాయి, కొన్నింటిని మింగేస్తాయి. ఆ గోడ మొత్తానికి రాక్‌వూల్ (ధ్వనిని పీల్చే రాతి ఉన్ని) కట్టేస్తే ఆ ధ్వని పోతుంది కానీ, గదిలో ప్రాణం కూడా దానితోపాటే పోతుంది. పాడేవాళ్ళకు తమ గొంతు తమకే పీలగా వినిపిస్తుంది. ధ్వనిని చంపకుండా, ఒకే దిక్కుకు తిప్పికొట్టకుండా, నలువైపులా చెదరగొట్టడానికి డిఫ్యూజర్ కావాలి.

కోడిగుడ్ల అట్టలు ఈ పని చేయవు. వాటి లోతు నాలుగైదు సెంటీమీటర్లే, గోడలు పల్చని గుజ్జు కాగితం, పైగా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటాయి. థర్మోకోల్ దిమ్మలు అతికించి చేసేవి చూడ్డానికి బాగుంటాయి, కానీ మంట విషయంలో అట్టలకంటే ప్రమాదం. ఇక్కడ చెప్పేది ప్లైవుడ్‌తో చేసే గాడుల డిఫ్యూజర్. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1970ల్లో రూపొందించిన లెక్క దీనికి ఆధారం.

చెక్క కొనే ముందు గది కొలవండి

డిఫ్యూజర్‌కీ చెవికీ మధ్య కనీసం మీటరున్నర దూరం ఉండాలి. అంతకంటే దగ్గరైతే చెదిరిన ధ్వని కలిసిపోయే వ్యవధి ఉండదు, ఒక్కో గాడి నుంచి వచ్చేది విడివిడిగా చెవిలో పడుతుంది. పన్నెండు అడుగుల పొడవున్న గదిలో ముందు గోడకు 1.4 మీటర్ల దూరంలో కూర్చుంటే, వెనక పెట్టె మందం పోను సుమారు 2.1 మీటర్లు మిగులుతుంది. అది చాలు. తొమ్మిది అడుగుల గదిలో కుర్చీ మధ్యలో ఉంటే చాలదు. అక్కడ వెనక గోడకు 100 మి.మీ. మందం, ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ ప్యానెళ్ళే సరైన పరిష్కారం, ఈ పెట్టె మీద డబ్బు పెట్టొద్దు.

ఇంకో మాట. మూలల్లో బేస్ ట్రాప్‌లు (తక్కువ ఫ్రీక్వెన్సీలను పీల్చే మందపాటి దిమ్మలు), పక్క గోడల మీద స్పీకర్ ధ్వని మొదట తగిలే చోట్ల అబ్జార్బర్లు (ధ్వనిని పీల్చే ప్యానెళ్ళు) పెట్టాకే డిఫ్యూజర్ వంతు. ఈ పెట్టె 100 హెర్ట్జ్ దగ్గరి బేస్ మోతను ఏమీ చేయలేదు. ఆ మోత ఉండగా దీని ఫలితం వినపడదు కూడా.

ఏడు లెక్క

0 నుంచి 6 దాకా ప్రతి అంకెనూ దానితోనే గుణించి, 7తో భాగించి, శేషం రాయండి: 0, 1, 4, 2, 2, 4, 1. ఇవే గాడుల లోతుల నిష్పత్తి. ఒక్కో గాడిలోకి వెళ్ళిన ధ్వని ఒక్కో ఆలస్యంతో బయటికి వస్తుంది. ఈ వరుసలో వచ్చినప్పుడు ఆ ఆలస్యాలు ధ్వనిని ఒకే దిక్కుకు పోనీయకుండా వేర్వేరు కోణాలకు దాదాపు సమానంగా పంచుతాయి. 11, 13 లాంటి ప్రధాన సంఖ్యలతో కూడా చేయవచ్చు కానీ, 13తో చేస్తే ఇదే ఫ్రీక్వెన్సీ మేరకు పెట్టె లోతు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. చిన్న గదికి 7 సరిపోతుంది.

ఆ నిష్పత్తిలో ఒకటికి, అంటే ఒక్కో మెట్టుకు, 30 మి.మీ. తీసుకుంటున్నాం. అప్పుడు లోతులు 0, 30, 120, 60, 60, 120, 30 మి.మీ. ఏసీ గదిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 345 మీటర్లు. దాన్ని మెట్టుకు పద్నాలుగు రెట్లతో, అంటే 0.42 మీటర్లతో, భాగిస్తే 821 హెర్ట్జ్ వస్తుంది. లోతుల ప్రకారం ఈ డిఫ్యూజర్ పని అక్కడ మొదలవ్వాలి. కానీ వెడల్పుకూ ఒక హద్దు ఉంది. మన ఏడు గాడుల వరుస మొత్తం వెడల్పు 378 మి.మీ., అంటే సుమారు 910 హెర్ట్జ్ తరంగం పొడవు. అంతకంటే పొడవైన తరంగాలను పక్కలకు చెదరగొట్టడం ఈ వెడల్పుతో పెద్దగా సాధ్యం కాదు. లోతు పెంచితే ఇంకా కిందికి పనిచేస్తుందని పెట్టెను 250 మి.మీ. లోతుగా, ఇరుకుగా చేసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. లోతు పెరిగితే వెడల్పు కూడా పెరగాలి.

పై హద్దును నిర్ణయించేది గాడి వెడల్పు. 50 మి.మీ. గాడికి అది 345ని 0.1తో భాగిస్తే వచ్చే 3450 హెర్ట్జ్. గాడిని సన్నం చేస్తే ఈ హద్దు పెరుగుతుంది కానీ, 25 మి.మీ. కంటే తగ్గితే గాలి గాడి గోడలకు రాసుకుని ధ్వనిని పీల్చేయడం మొదలవుతుంది. 900 నుంచి 3450 దాకా అంటే తక్కువ మేర కాదు. గాత్రానికి స్పష్టతనిచ్చే భాగం, మృదంగం కుడివైపు దెబ్బలోని మెరుపు చాలావరకూ ఈ మేరలోనే ఉంటాయి.

సున్నా లోతు గాడి అంటే అసలు గాడే లేదు, ముందు అంచుకు సమంగా ఉండే చెక్క మాత్రమే. దాన్ని రెండు సగాలు చేసి పెట్టె పక్క పలకల మందంగానే వాడుకోవచ్చు. ఒక్కో పక్క పలక 24 మి.మీ. మందం ఉంటే, రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టినప్పుడు మధ్యలో 48 మి.మీ. చదును వస్తుంది, అదే సున్నా గాడి. చెక్కా ఆదా, పనీ ఆదా.

సరుకు

18, 12, 6 మి.మీ. మందాల్లో ఒక్కోటి 8×4 అడుగుల ప్లైవుడ్ షీట్. రెండు పెట్టెలు చేస్తే 18లోనూ 12లోనూ సగానికి పైగా మిగులుతుంది. మూడో పెట్టె కూడా చేయాలంటే 6 మి.మీ.లో అడుగు వెడల్పు, నాలుగు అడుగుల పొడవున్న ముక్క అదనంగా కొంటే చాలు. హైదరాబాద్ లాంటి పొడి చోట్ల ఎంఆర్ (తేమను కొంతవరకు తట్టుకునే) గ్రేడ్ సరిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే) గ్రేడ్ తీసుకోండి. ఎండీఎఫ్ సాఫీగా కోసుకోవచ్చు కానీ తేమకు అంచుల్లో ఉబ్బుతుంది, గాడి గోడ ఉబ్బితే బిగువు పోతుంది. చెదల బెడద ఉన్న ఇంట్లో చెదల మందు పట్టించిన ప్లై అడగండి.

వీటితోపాటు ఫెవికాల్ కిలో, పెయింట్ పట్టే అక్రిలిక్ సీలెంట్ ట్యూబులు రెండు, 38, 50 మి.మీ. స్క్రూలు, సన్నని 25 మి.మీ. తల లేని మేకులు, పల్చని రాక్‌వూల్ కొంచెం, పీయూ సీలరో వార్నిషో ఒక లీటరు.

షాపులో 6 మి.మీ. అని అమ్మే ప్లై వెర్నియర్‌తో కొలిస్తే 5.5 కూడా ఉండొచ్చు, 18 అన్నది 17 చిల్లర ఉండొచ్చు. అందుకని కింది కొలతల్లో వెనక పలక వెడల్పును ఆఖరుకు వదిలేశాం.

ఒక్కో పెట్టెకు కోయాల్సిన ముక్కలు:

18 మి.మీ.: పక్క పలకలు 1200×132 రెండు, పై కింది మూతలు 330×120 రెండు.
6 మి.మీ.: గాడుల మధ్య అడ్డుపలకలు 1164×120 ఐదు, పక్క పలకలకు లోపల అతికించేవి 1200×132 రెండు.
12 మి.మీ.: వెనక పలక 1200 పొడవు, వెడల్పు సుమారు 330, గాడి అడుగు పట్టీలు 1164×50 నాలుగు, దిమ్మలు 50×48 పది, 50×78 పది.

నాలుగు అడుగుల షీటు నిజానికి 1220 మి.మీ. ఉంటుంది. అందులోంచి 1164 పొడవున్న అడ్డుపలక కోశాక చివర 50 మి.మీ. చిల్లర వెడల్పు, 120 పొడవుతో ఒక తునక మిగులుతుంది. వాటిని పారేయొద్దు. 50×120కి సరిచేస్తే లోతైన గాడుల్లో అడ్డంగా బిగించే బిగింపు ముక్కలు అవే. పెట్టెకు నాలుగు కావాలి, ఐదు వస్తాయి.

కొలతల చీటీ మి.మీ.లోనే రాసివ్వండి. అంగుళాల్లో మాట్లాడితే 50 మి.మీ.ని వడ్రంగి రెండు అంగుళాలు చేస్తాడు. ఒక్కో గాడికి 0.8 తేడా పెద్దది కాదు, కానీ ఆరు గాడులకు కలిపి దాదాపు 5 మి.మీ. పెరిగి మూతలు పొట్టివైపోతాయి. ప్యానెల్ సా ఉన్న షాపులో కోయించడం మేలు. ఒకే వెడల్పున్న ముక్కలన్నీ మెషిన్ గేజీ కదపకుండా ఒకే దఫాలో కోయమనండి. ముఖ్యంగా ఆ 50 మి.మీ. ముక్కలు: గాడి వెడల్పును నిర్ణయించేవి అవే, బిగించేటప్పుడు టేపుతో కొలిచే పని ఉండదు.

రంగు ముందు, బిగింపు తర్వాత

పెట్టె బిగించాక 50 మి.మీ. సందులో 120 మి.మీ. లోతుకు బ్రష్ సరిగ్గా పోదు. కాబట్టి అడ్డుపలకలకూ అడుగు పట్టీలకూ ముందే శాండ్ పేపర్ పట్టించి, రెండు పూతలు సీలర్ వేయండి. రంగు మీ ఇష్టం, ఉపరితలం మూసుకుపోవడం ముఖ్యం. గరుకుగా, రంధ్రాలు తెరుచుకుని ఉన్న చెక్క పై ఫ్రీక్వెన్సీలను కొంత పీల్చేస్తుంది. ఫెవికాల్ పట్టాల్సిన చోట్ల మాస్కింగ్ టేప్ వేసి రంగు తగలకుండా ఉంచండి, రంగు మీద ఫెవికాల్ నిలవదు.

ఆరిన తర్వాత ఐదు అడ్డుపలకలు, వాటి మధ్య ఆరు 50 మి.మీ. ముక్కలు నిలబెట్టి, బిగదీసి పట్టుకుని మొత్తం కొలవండి. 330 రావచ్చు, 327 రావచ్చు. ఎంతొస్తే వెనక పలకనూ మూతలనూ అంతకు కోయండి.

18 మి.మీ. పక్క పలకకు 6 మి.మీ. పలకను ఫెవికాల్‌తో అతికించి, పైన బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు వెనక పలకను చదునైన బల్ల మీద పరిచి, ఎడమ పక్క పలకను ఫెవికాల్ రాసి 38 మి.మీ. స్క్రూలతో బిగించండి. స్క్రూ 12 మి.మీ. అంచులోకి దిగుతుంది కాబట్టి ముందు సన్నని డ్రిల్ బిట్‌తో రంధ్రం వేయకపోతే ప్లై పొరలు విడిపోతాయి. మూలమట్టంతో లంబం చూసుకోండి. తర్వాత పై కింది మూతలను వెనక పలక మీద నిలబెట్టి, పక్క నుంచి 50 మి.మీ. స్క్రూలతో పట్టించండి.

ఇక ఎడమ నుంచి కుడికి ఒక్కో గాడినీ కట్టుకుంటూ పోవాలి. మొదటిది 30 మి.మీ. లోతు గాడి: 78 మి.మీ. ఎత్తు దిమ్మలు ఐదింటిని రెండు చివర్లా, మధ్యలో సమదూరంలో వెనక పలకకు అతికించండి. దిమ్మ 78, పైన వచ్చే పట్టీ 12, కలిపి 90. పెట్టె లోతు 120లో అది పోతే మిగిలేది 30. దిమ్మల మధ్య ఖాళీలో రాక్‌వూల్ వదులుగా నింపండి, చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్క్ ఉండాలి. ఖాళీగా వదిలితే ఆ డొల్ల డోలులా మోగుతుంది. పట్టీ పెట్టి, దిమ్మలన్నిటికీ ఫెవికాల్ అంటేలా నొక్కి, మొదటి అడ్డుపలకను ఆనించి అతికించండి.

రెండోది 120 లోతు గాడి. దానికి వెనక పలకే అడుగు. రెండు బిగింపు ముక్కలను ఎత్తును మూడు భాగాలు చేసేలా అడ్డంగా అతికించండి. ఇవి లేకపోతే 6 మి.మీ. పలక, పొడవు మీటరు దాటింది కాబట్టి, కిక్ డ్రమ్‌కు వదులైన రేకులా జరజరలాడుతుంది. మూడు, నాలుగు గాడులు 60 లోతు, 48 మి.మీ. దిమ్మలు. ఈ రెండూ ఒకే లోతు కదా అని మధ్య పలక మానేయొద్దు. మానేస్తే 106 మి.మీ. వెడల్పున్న ఒకే గాడి అవుతుంది, పై హద్దు 1600 హెర్ట్జ్ దగ్గరికి పడిపోతుంది. ఐదోది మళ్ళీ 120, ఆరోది 30. చివర కుడి పక్క పలక బిగించి, క్లాంపులు వేసి రాత్రంతా వదలండి.

అడ్డుపలకల అంచుల్లోకి స్క్రూలు దించకండి, 6 మి.మీ. ప్లై చీలుతుంది. ఫెవికాల్ ఆరేదాకా పట్టి ఉంచడానికి వెనక నుంచి నాలుగైదు సన్న మేకులు చాలు. నిజంగా పట్టుకునేది దిమ్మలకూ పట్టీలకూ ఉన్న అతుకే.

సందు

ఈ పని మొత్తంలో దేని మీద పట్టుబట్టాలంటే దీని మీదే. లోతులో 1 మి.మీ. తేడా వస్తే కంగారు పడక్కర్లేదు. పై హద్దు 3450 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవే 100 మి.మీ. ఉంటుంది, అందులో ఒక మి.మీ. లెక్కలోకి రాదు. అదే ఒక మి.మీ. పట్టీకీ పలకకూ మధ్య సందుగా ఉంటే కథ మారిపోతుంది. సన్నని చీలిక, దాని వెనక డొల్ల కలిస్తే ఒక ఇరుకైన ఫ్రీక్వెన్సీ మేరను పీల్చేసే రెసొనేటర్ తయారవుతుంది. కష్టపడి కట్టిన డిఫ్యూజర్ అక్కడ అబ్జార్బర్ అయిపోతుంది. అందుకే ప్రతి గాడి అడుగున రెండు అంచులకూ, పై కింది మూతల దగ్గరా సీలెంట్ సన్నగా పట్టించి, తడి వేలితో రుద్దండి. లోతైన గాడిలోకి వేలు పోదు, 40 మి.మీ. వెడల్పున్న ప్లై తునక చివర గుండ్రంగా అరగదీసి దాంతో లాగండి.

సీలెంట్ ఆరాక ప్రతి పట్టీనీ వేలి మడతతో తట్టుకుంటూ పోండి. గట్టిగా, పొట్టిగా శబ్దం రావాలి. ఎక్కడైనా గలగలమంటే దిమ్మకు అతుకు పట్టలేదని అర్థం. తర్వాత పెట్టెను స్పీకర్ ముందు పెట్టి 50 నుంచి 500 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా సైన్ స్వీప్ (కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైకి జరుగుతూ పోయే ఒకే స్వరం) వాయించండి. జరజర వినిపించిన చోట వేలు ఆనిస్తే ఆగిపోతుంది, దొరికిందన్నమాట. అక్కడ ఇంకో బిగింపు ముక్క పెట్టండి.

అందం కోసం ముందు గుడ్డ కప్పాలనిపిస్తుంది. కప్పకండి. గాడుల నోటి దగ్గర గాలి కదలిక చాలా ఎక్కువగా ఉంటుంది, అక్కడ గుడ్డ వేస్తే ఆ రాపిడికి ధ్వని శక్తి గణనీయంగా పోతుంది. దుమ్ము పడుతుంది, నిజమే. నెలకోసారి వ్యాక్యూమ్ బ్రష్‌తో లాగితే చాలు.

గోడకు ఎక్కించడం

ఒక్కో పెట్టె 13 నుంచి 15 కిలోలు ఉంటుంది, ఫొటో ఫ్రేము మేకుకు ఆగదు. మిగిలిన 18 మి.మీ. ప్లైలోంచి 80 మి.మీ. వెడల్పు, 300 పొడవున్న పట్టీని 45 డిగ్రీల వాలులో నిలువునా రెండుగా కోయండి. ఒకటి గోడకు, వాలు పైకీ గోడవైపుకీ ఉండేలా. రెండోది పెట్టె వెనక పైభాగంలో, వాలు కిందికి ఉండేలా. పెట్టె పట్టీ స్క్రూలు వెనక పలకను దాటి పై మూత అంచులోకి దిగాలి, 12 మి.మీ. పలకనే నమ్ముకోవద్దు. గోడ పట్టీకి 8 మి.మీ. రాల్ ప్లగ్‌లు మూడు, ప్లాస్టరింగ్ మందం దాటి ఇటుకలో దిగేంత పొడవు స్క్రూలు. అపార్టుమెంట్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించే తేలిక ఏఏసీ బ్లాకుల గోడలో మామూలు ప్లగ్ ఊడొస్తుంది, ఆ బ్లాకులకు ప్రత్యేకంగా వచ్చే యాంకర్లు వాడండి. పెట్టె కింది భాగంలో కూడా 18 మి.మీ. ముక్క అతికిస్తే నిట్టనిలువుగా నిలుస్తుంది.

గాడులు నిలువుగా ఉండాలి, అప్పుడే ధ్వని కుడి ఎడమలకు చెదురుతుంది. అడ్డంగా తిప్పితే పైకప్పుకీ నేలకీ వెళ్తుంది. నేల నుంచి 600 మి.మీ. ఎత్తులో మొదలుపెడితే పెట్టె మధ్య భాగం కూర్చున్నవారి చెవి ఎత్తుకు వస్తుంది. రెండు లేదా మూడు పెట్టెలను సందు లేకుండా పక్కపక్కన, మీ కుర్చీకి సరిగ్గా వెనక పెట్టండి. నాలుగు దాటి అదే వరుస మళ్ళీ మళ్ళీ వస్తే ధ్వని అన్ని కోణాలకూ పోకుండా కొన్ని దిక్కులకే గుంపుగా వెళ్తుంది. పెట్టెను తలకిందులు చేస్తే మారుతుందనుకోవద్దు, ఈ వరుస ఎటు నుంచి చూసినా ఒకటే. ఎక్కువ గోడ కప్పాలంటే మధ్యలో వేరే ప్రధాన సంఖ్యతో చేసిన పెట్టె కలపాలి.

కొలిచి చూడండి

గది ధ్వనిని కొలిచే సాఫ్ట్‌వేర్ రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితంగా దొరుకుతుంది, ఒక మెజర్‌మెంట్ మైకు ఉంటే చాలు. మైకును చెవి స్థానంలో పెట్టి, పెట్టెలు ఎక్కించే ముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి, మైకూ స్పీకర్లూ అంగుళం కూడా కదపకుండా స్వీప్ తీయండి. ఫ్రీక్వెన్సీ గ్రాఫ్ కాకుండా ఈటీసీ గ్రాఫ్ (ఏ క్షణంలో ఎంత ధ్వని మైకుకు చేరిందో చూపేది) చూడండి. వెనక గోడ 2.1 మీటర్ల దూరంలో ఉంటే వెళ్ళి రావడానికి 4.2 మీటర్లు, అంటే నేరు ధ్వని తర్వాత సుమారు 12 మిల్లీసెకన్ల దగ్గర ఒక ముల్లు కనిపిస్తుంది. డిఫ్యూజర్ పెట్టాక ఆ ముల్లు పొట్టిదై, దాని వెనక చిన్న చిన్న ముళ్ళు పరుచుకోవాలి. ముల్లు తగ్గి, వెనకా ఏమీ లేకపోతే పెట్టె ధ్వనిని పీల్చేస్తోందన్నమాట, సందులు వెతకండి. ముల్లు ఏమాత్రం తగ్గకపోతే అది డిఫ్యూజర్ పక్కనున్న ఖాళీ గోడ నుంచో, తలుపు నుంచో, వెనకున్న అల్మారా అద్దం నుంచో వస్తోంది. ఒక దుప్పటి మడిచి ఆ చోట్లలో ఒక్కోదాని ముందు పట్టుకుని స్వీప్ తీస్తూ పోతే ఏది కారణమో తేలుతుంది.